పిల్లి మార్కు బిస్కట్లు

నవాబుకు మూత్రం ఆగిపోయి ఒక పగలూ ఒక రాత్రీ అయింది. పెరట్లో బూడిద కుప్ప మీద కూర్చుంటాడు, ముక్కుతాడు, ఒక్క చుక్క రాదు, ఏడుస్తాడు. పిల్లి ఏడుపు ఇంటికి కీడని మా అత్తయ్య శౌరమ్మగారు తలుపు చాటున నిలబడి సిలువ గుర్తు వేసుకుంటూనే ఉన్నారు. నాలుగేళ్ల మా అమల వాడి పక్కన గొంతుక్కూర్చుని, "పోసెయ్ రా నవాబూ, పోసెయ్ రా" అని బతిమాలుతోంది.

ఏ సంగతైనా చావు దాకా ఆలోచించడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటు. వీడి ప్రాణం పోతే పిల్ల బెంగ పెట్టుకుంటుంది, బెంగతో జ్వరం వస్తుంది, తట్టు పోసి లేచి రెండు నెలలే అయింది, ఆ ఒంట్లోకి మళ్లీ జ్వరం దూరితే ఇంకేముంది! పిల్లిని గుడ్డసంచిలో వేసుకుని గుణదలలో రిక్షా ఎక్కి పశువుల ఆసుపత్రికి వెళ్లాను.

అక్కడ ఆరు గేదెలు, ఒక ఒంగోలు ఎద్దు, మధ్యలో సంచితో నేను. డాక్టరు వెంకటసుబ్బారావుగారు సంచిలోకి తొంగిచూసి, "పిల్లినా!" అన్నారు. "జబ్బు చేసిందని పిల్లిని రిక్షాలో తెచ్చిన మనిషిని ఈ బెజవాడలో నిన్నే చూశాను తల్లీ."

కాంపౌండరు మాణిక్యం నవాబు నాలుగు కాళ్లూ తువ్వాలులో చుట్టి పట్టుకున్నాడు. డాక్టరుగారు సన్నని గొట్టం ఒకటి పెట్టి, ఓపిగ్గా, కొంచెం కొంచెంగా తోశారు. నేను గోడవైపు తిరిగి మరియమ్మను తలుచుకుంటూ నిలబడ్డాను. కాసేపటికి పళ్లెంలో నీళ్లు పడిన చప్పుడైంది. తిరిగి చూస్తే ఎర్రగా ఉంది. ఆయన రెండు వేళ్ల మధ్య రాసి చూపించారు.

"ఇసక. చూశావా? ఏం పెడుతున్నారు దీనికి?"

"బిస్కట్లండీ."

"బిస్కట్లకి ఇసక కట్టదే. ఏం బిస్కట్లు?"

దారిలో వాణ్ణి ఊరుకోబెట్టడానికి కొంగున నాలుగు ముడేసుకుని తెచ్చాను. విప్పి చూపించాను. చిన్న చిన్న చేపల్లాగా, చుక్కల్లాగా అచ్చు పోసినవి. ఆయన ఒకటి తీసి వాసన చూశారు, విరిచారు, మళ్లీ వాసన చూశారు.

"ఎక్కడివమ్మా ఇవి?"

"మా ఆయన కృపానందంగారు తుపాను సాయం గోడౌనులో చెకర్‌గా చేస్తున్నారండి. ఓడలో వచ్చిన డబ్బాలు కొన్ని అడుగున తడిశాయంట. అలాంటివి ఊళ్లకి పంపరంట, పనివాళ్లని తీసుకుపొమ్మన్నారు."

"డబ్బా మీద ఏం రాసుంది?"

"ఇంగ్లీషు కాదంటండి, వేరే ఏదో భాష. పైన పిల్లి బొమ్మ ఉంది."

ఆయన పెద్దగా నవ్వారు. "అదీ! బొమ్మ చూసి పిల్లికి పెట్టావన్నమాట. తెలివైనదానివే. నేను మద్రాసులో చదువుకునేటప్పుడు ఒక దొరసానిగారింట్లో చూశాను వీటిని. ఆ దేశాల్లో పిల్లులకని వేరే తిండి తయారుచేసి అమ్ముతారు. పనికిరాని మాంసం, చేప తలకాయలు, ఎముకలు, అన్నీ పిండి పట్టించి, ఆరబెట్టి, ఇలా అచ్చు పోస్తారు."

ఆయన పెదవులు కదులుతున్నాయి, నాకు మాట వినబడడం లేదు.

మా ఇంట్లో ఉన్న ప్రతి వస్తువు మీదా ఏదో ఒక ప్రాణి ఉంది. అగ్గిపెట్టె మీద నెమలి. మా ఆయన బీడీకట్ట మీద జింక. అత్తయ్య నస్యం డబ్బా మీద చిలక. నెమలి అగ్గిపెట్టెలో నెమలి ఉంటుందా, జింక బీడీలో జింక ఉంటుందా? డిసెంబరులో మా ఆయన ఆ డబ్బాలు తెచ్చి బల్ల మీద పెట్టి, "పిల్లి మార్కు. ఫారిన్ కంపెనీ" అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. తట్టు తగ్గాక అమలకు నోరు చేదై అన్నం ముట్టడం మానేసింది. ఆ బిస్కట్టు ఇస్తే కరకరా నమిలింది. ఇంకోటి అడిగింది. అప్పటినుంచి రెండు నెలలు, పొద్దున్న ఐదు, సాయంత్రం ఐదు. పొడి చేసి పాలలో కలిపి కూడా పట్టాను. బుగ్గలు వచ్చాయి, నా తల్లి ఒంటికి పట్టిందని మురిసిపోయాను. అది ఒకటి తిని నవాబుకొకటి పెట్టేది. మా ఆయన టీలోకి నాలుగు. పళ్లు లేని అత్తయ్య నానబెట్టుకుని రెండు. నేనూ ఒకసారి కొరికి, నీచు వాసనేమిటి అనుకుని, ఫారిన్ వస్తువు అలాగే ఉంటుంది కాబోలని ఊరుకున్నాను.

"వింటున్నావామ్మా?" అన్నారు డాక్టరుగారు.

"మళ్లీ చెప్పండి బాబూ."

ఆయన విసుక్కోకుండా మళ్లీ చెప్పారు. పిల్లి నీళ్లు తక్కువ తాగే ప్రాణి. ఎలకలోనో చేపలోనో ఉన్న తడితోనే బతుకుతుంది. ఈ ఎండు తిండి తిని నీళ్లు తాగకపోతే మూత్రం చిక్కబడి ఇసక కడుతుంది, దారికి అడ్డం పడుతుంది. ఇంకోసారి అడ్డం పడితే బతకడం కష్టం. ఇకమీదట తడి తిండి పెట్టాలి, పచ్చి మాంసం, పచ్చి చేప.

"అలాగని ఒక్కసారిగా మానిపించకు. అలవాటు పడ్డ పిల్లి మొండికేసి పస్తుంటుంది. రెండు మూడు రోజులు పస్తుంటే లివరు పాడవుతుంది. ముందు మూడు వంతులు ఈ బిస్కట్టే చేప కడిగిన నీళ్లలో నానబెట్టి, అందులో ఒక వంతు పచ్చిది కలుపు. రెండేసి రోజులకి ఇటు తగ్గించు, అటు పెంచు. పది రోజులు సాఫీగా పోస్తే గండం గడిచినట్టే."

నేను నాలుక తడుపుకుని అడిగాను. "ఇంకేదైనా ప్రాణి ఇవి తింటేనండీ?"

"ఏది, కుక్కా? కుక్క రాయి తిన్నా అరిగించుకుంటుంది" అని ఆయన లేచి ఎద్దు దగ్గరికి వెళ్లిపోయారు.

ఇంటికి వచ్చేసరికి అమల గుమ్మంలో కూర్చుని చేప బిస్కట్టు తోక కొరుకుతోంది. సంచి కింద పడేసి, దాని నోట్లో వేలు పెట్టి ఆ ముక్క బయటికి లాగేశాను. పిల్ల బిత్తరపోయి ఊరంతా వినబడేలా ఏడుపు లంకించుకుంది. "ఏమైందే తెరేసమ్మా, దయ్యం గాని పట్టిందా?" అని అత్తయ్య లేచొచ్చారు. "పురుగు పట్టాయి అత్తయ్యా" అని డబ్బాలన్నీ అటక మీద పెట్టేశాను. పిల్లి కోసం ఒక్కటి మాత్రం విడిగా దాచాను.

సాయంత్రం మా ఆయన టీ గ్లాసు పట్టుకుని, "నా బిస్కట్లేవీ?" అన్నారు.

"తపస్కాలం కదండీ, ఈస్టరు దాకా నాలుక రుచులు మానుకోవాలి."

ఆయన ఉత్త టీ తాగేశారు. నిజం చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఎలా చెప్పను? తెచ్చింది ఆయనే అయినా, పెట్టింది నా చెయ్యి. ఆ రాత్రి నాకు ఒకటే లెక్క. ఇద్దరూ రెండు నెలలు ఒకటే తిన్నారు, ఒకే చేత్తో పెడితే తిన్నారు. పిల్లిది చిన్న ఒళ్లు కాబట్టి ముందు బయటపడింది. అమలకు కాస్త ఆలస్యంగా వస్తుంది. నవాబు ఈ పది రోజులూ గట్టెక్కితే నా బిడ్డ కూడా గట్టెక్కుతుంది. ఎక్కకపోతే... ఆ తరవాతది తలుచుకోలేక లేచి కూర్చున్నాను.

నవాబును మాకిచ్చింది పక్కింటి సయీదా. వాళ్లాయన అలీగారికి మాంసం కొట్టు ఉంది. తెల్లారి వెళ్లి మేక కార్జం కావాలని అడిగితే ముక్కు మీద వేలేసుకుంది.

"తపస్సులో మాంసం తింటావా తెరేసమ్మక్కా!"

"నాకు కాదే. నవాబుకి."

"అరె, నేను ఇచ్చినప్పుడు గోడ మీద తొండల్ని కూడా వదిలేవాడు కాదు. మీరు వాణ్ణి దొరబాబుని చేసి పెట్టారు."

కత్తిపీట ముందేసుకుని కార్జం చిన్న ముక్కలు కోస్తున్నాను. అంత ముక్కకి ఎంత రక్తం! పచ్చి మాంసంలో పురుగులుంటాయంటారు. పచ్చి రక్తం రుచి మరిగిన పిల్లి పక్కలో పడుకున్న పసిబిడ్డను ఊరికే వదులుతుందా? ఇంతలో అత్తయ్య వచ్చారు.

"శుక్రవారం! ఇంట్లో మాంసం!"

"పిల్లికి అత్తయ్యా. డాక్టరుగారు చెప్పారు."

"పిల్లి జ్ఞానస్నానం పొందలేదు, ఒప్పుకుంటాను. ఆ కత్తిపీట ఎవరిదే?"

కత్తిపీటను బూడిదతో మూడుసార్లు తోమాను. నానబెట్టిన బిస్కట్లలో ఒక వంతు కార్జం కలిపి నవాబు ముందు పెట్టాను. వాడు దగ్గరికి వచ్చి, వాసన చూసి, వెనక్కి తగ్గి, ముందు కాలితో గచ్చు గీకడం మొదలుపెట్టాడు. తాను వెళ్లినదాని మీద మట్టి కప్పుతాడే, అచ్చం అలాగ! తరవాత తోక ఎత్తుకుని పోయి చాప మీద పడుకున్నాడు. ఆ చాప మీదే అమల కూడా మూతి ముడుచుకుని పడుకుని ఉంది. దాని పక్కన పప్పన్నం గిన్నె ఎండిపోతోంది. ఇద్దరికీ బిస్కట్లే కావాలి. మర్నాడు కూడా అదే వరస. ఇద్దరు సత్యాగ్రహులు, మధ్యలో నేను. రెండు మూడు రోజులు పస్తుంటే లివరు పాడవుతుందన్నారే, అది పిల్లికేనా, పిల్లలక్కూడానా?

సయీదా వచ్చి చూసి తల కొట్టుకుంది. "గిన్నెలో పెడితే తినడు అక్కా. వాడి కాలికి పూసెయ్. కాలు నాక్కోకుండా ఉండగలడా పిల్లి అన్నవాడు?"

"రక్తం రుచి మరిగితే, పాపని కరిస్తే?"

"నేను రోజూ మాంసం తింటాను. నిన్నెప్పుడైనా కరిచానా?"

సయీదా కార్జం ముక్కను చిదిపి వాడి ముందు కాళ్లకు పూసింది. నవాబు మా ఇద్దరినీ అసహ్యంగా చూశాడు. కాలు విదిలించాడు. నాకాడు. ఇంకో కాలు కూడా నాకాడు. కాసేపటికి గిన్నె దగ్గరికి వచ్చి, ఎవరూ చూడనట్టు రెండు ముక్కలు తిన్నాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ధైర్యంతో అమలకు ఆవకాయ కాస్త వేలితో నాలుకకు రాసి, వెంటనే నెయ్యి అన్నం ముద్ద అందించాను. అదీ తింది.

నాలుగో రోజుకి సగం సగం. ఆరో రోజుకి బిస్కట్టు ఒక వంతే, మిగతాది కార్జమూ, పచ్చి పరిగె చేపలూ. ఎముక గొంతులో గుచ్చుకుంటుందని నేను ముళ్లు తీస్తుంటే సయీదా నవ్వి చచ్చింది. రోజుకి నాలుగుసార్లు బూడిద కుప్ప దగ్గరికి వెళ్లి తడి మచ్చలు లెక్కపెట్టేదాన్ని. అంతకంటే ఎక్కువగా అమల వెనక తిరిగేదాన్ని. బార్లీ నీళ్లు, కొబ్బరి నీళ్లు, మజ్జిగ తాగించడం, గంట కాగానే అడగడం. "ఒంటికి వెళ్లావా? నొప్పిగా ఉందా? మంటా? ఎంతొచ్చింది?" అది తూము దగ్గర కూర్చుంటే పక్కనే నిలబడేదాన్ని. లేవగానే వంగి, ఇసక తగులుతుందేమోనని వేలితో తడిమి చూసేదాన్ని. అది గౌను పట్టుకుని నన్నే చూసేది.

ఎనిమిదో రోజు నవాబు ఉత్త పచ్చి చేప తిన్నాడు. బిస్కట్టు ఒక్కటి కూడా కలపలేదు. ఆ సంతోషం ఒక గంట కూడా లేదు. అమల ఆ పొద్దున లేచిన దగ్గర్నుంచి ఒంటికి వెళ్లలేదు. పది దాటింది. పదకొండు దాటింది. "రావట్లేదు" అంటుంది. కాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చుంటుంది. పొట్ట మీద చెయ్యి వేస్తే బిగిసి ఉంది. నొక్కితే కెవ్వుమంది.

అనుకున్నదే అయింది. పిల్లిని గట్టెక్కించాను, బిడ్డ మీదికి వచ్చింది. మా ఆయన డ్యూటీలో ఉన్నారు. ఏ డాక్టరు దగ్గరికి? పిల్లల డాక్టరు బిస్కట్లంటే గ్లూకోజు బిస్కట్లనుకుంటారు. ఆ తిండి సంగతి ఈ ఊళ్లో ఎరిగిన మనిషి ఒక్కరే.

రిక్షా దిగి పిల్లను చంకనేసుకుని పరుగెత్తాను. వెంకటసుబ్బారావుగారు నన్ను గుర్తుపట్టారు.

"రామ్మా. పిల్లి ఏదీ?"

"పిల్లి బాగుందండీ. పాపని తెచ్చాను."

మాణిక్యం చేతిలో దూది కింద పడింది. డాక్టరుగారు కళ్లద్దాలు తీసి, "తల్లీ, ఇది పశువుల ఆసుపత్రి" అన్నారు నెమ్మదిగా, పిచ్చిదానికి చెప్పినట్టు.

"తెలుసండీ. ఆ బిస్కట్లు మీకు తప్ప ఎవరికీ తెలియవండి."

ఆయన నన్నూ పిల్లనూ మార్చి మార్చి చూశారు. ఆయన ముఖంలో రంగు మారడం నాకు కనబడింది.

"ఈ పాపకి పెట్టావా?"

"రెండు నెలలండీ. పాలల్లో కలిపి కూడా. నా చేత్తోనే పెట్టానండీ. పిల్లి మార్కు అనుకున్నామండీ."

మాణిక్యం, "జింక బీడీలాగా" అన్నాడు. నవ్వలేదు. అతనికి అర్థమైంది.

డాక్టరుగారు అమల ముందు గొంతుక్కూర్చున్నారు. "పొట్ట నొప్పా బంగారూ? ఒంటికి వస్తోందా?"

అమల ఆయన వెనక బల్ల మీద ఉన్న పళ్లెం వంక చూసింది. దాంట్లో గొట్టాలున్నాయి. నా మెడ చుట్టూ చేతులు బిగించి అరిచింది.

"గొట్టం వద్దు! నాకు రావట్లేదు! నవాబుకి గొట్టం పెట్టారు. అమ్మ సయీదత్తకి చెప్పింది. ఇసక ఉంటే గొట్టం పెడతారు. అమ్మ రోజూ ఇసక చూస్తుంది. నేను పొయ్యను!"

డాక్టరుగారు తలెత్తి నా వంక చూశారు. అంతకంటే రెండు దెబ్బలు కొట్టినా బాగుండేది. పొద్దుటినుంచి బిడ్డ బిగబట్టుకుని కూర్చుంది. నాకు భయపడి.

ఆయన మాణిక్యాన్ని పిలిచి పళ్లెం తీయించేశారు. తన రెండు చేతులూ చాపి పిల్లకు చూపించారు. "చూడు, గొట్టం లేదు. ఆ గేదెల పాక వెనక ఎవరూ లేరు. నీ ఇష్టమొచ్చినంత పోసుకో. మీ అమ్మ చూడదు. నేను కాపలా ఉంటాను."

నన్ను గోడవైపు తిరగమన్నారు. సున్నం రాలిన ఆ గోడను చూస్తూ నిలబడ్డాను. ఏమీ వినబడలేదు. తరవాత పాక వెనక చప్పుడు మొదలైంది, ఆగలేదు, ఎంతసేపో ఆగలేదు.

"గేదె నయం" అన్నాడు మాణిక్యం.

నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

"పిల్లి వేరు, మనిషి వేరు" అన్నారు డాక్టరుగారు. "నాకు తెలిసి అది విషం కాదు. కానీ నేను పశువుల డాక్టర్ని, నా మాట పట్టుకుని ఊరుకోవద్దు. ఇటునుంచి ఇటే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లు. నాతో చెప్పినట్టే చెప్పు, ఒక్క ముక్క దాచకు."

వెళ్లాను. చెప్పాను. ఆ డాక్టరమ్మ రెండుసార్లు చెప్పించుకుంది, మూత్రం పరీక్ష చేయించింది, పొట్ట తట్టి చూసింది. ఏ దోషమూ లేదంది. అన్నం పెట్టు, నీళ్లు తాగించు, వెనక వెనక తిరగడం మానెయ్ అంది.

సాయంత్రం మా ఆయన వచ్చాక టీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పేశాను. ఆయన గ్లాసు కింద పెట్టారు. దాని అడుగుకేసి చూశారు.

"నేనూ తిన్నానుగా" అన్నారు.

"పూటకి నాలుగు."

నులకమంచం మీద అత్తయ్య నిద్రపోతున్నారనుకున్నాం. "అందుకా" అన్నారు గోడవైపు తిరిగే. "ఈమధ్య ఎలక కనబడితే నా కళ్లు అటే పోతున్నాయి."

మా ఆయనకు నవ్వొచ్చింది. నాకు రాలేదు. నిజంగానే పోతున్నాయేమోనని లేచి వెళ్లి ఆవిడ కళ్లలోకి చూశాను.

మా ఆయన నవ్వు సగంలో ఆగిపోయింది. "తెరేసూ, క్రిస్మసుకి చల్లపల్లిలో అక్కకి రెండు డబ్బాలు పంపాను."

"అక్కకా? పిల్లలు నలుగురు!"

"నలుగురే అయితే బాగుండేది. తుపానులో అన్నీ పోగొట్టుకున్నవాళ్లని, పండగపూట తమ్ముడు ఫారిన్ బిస్కట్లు పంపాడని, పేటంతా పంచానని ఉత్తరం రాసింది."

ఉత్తరం వెతికి తీశాను. పేటంతా అనే ఉంది. ముసలివాళ్లు కూడా ఇష్టంగా తిన్నారట.

తెల్లారి అమలనూ నవాబునూ సయీదాకు అప్పగించి మొదటి బస్సు ఎక్కాం. దారి పొడుగునా కూలిన తాడిచెట్లు ఇంకా అలాగే పడి ఉన్నాయి. ఉయ్యూరు దాటాం.

"దిగగానే అక్కకి ముందు ఏం చెబుదాం?" అన్నారు ఆయన.

"ముందు అందరినీ మంచినీళ్లు తాగమని చెబుదాం" అన్నాను. "ఎందుకో తరవాత చెబుదాం."